కాన్వెంటులో బిడ్డ తొలి సంవత్సరము

ఓర్వకల్లు గ్రామము కర్నూలునుండి నంద్యాలకు పోవు రాజమార్గము మీద, పట్టణమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్నది. జూన్ మాసమున బడులు తెరచిన నాటినుండి ప్రతిదినము ఉదయమున ఆ మార్గము ప్రక్కన నొక దృశ్యము కానవచ్చును. నాలుగేండ్లు నిండియు నిండని పసివారు మెడకు టై, నడుమునకు బెల్టు, కాళ్లకు బూట్లు, వీపున సంచి, కన్నులనిండ నిద్రతో నిలిచియుందురు. తల్లులు వారిని బస్సులలోనికిని ఆటోలలోనికిని ఎక్కించుచుందురు. బిడ్డను ఎక్కడికి పంపుచున్నావమ్మా యని యడిగినచో “కాన్వెంటుకు” అని సమాధానము వచ్చును. ఆ మాట పలుకునపుడు ఆ తల్లి ముఖమున గలుగు కాంతిని నేను పరిహసింపజాలను. వానను నమ్మి విత్తి, వాన తప్పినయేట ఇంటికి తాళము వైచి వలసపోయిన కుటుంబములు ఈ సీమలో పెక్కు కలవు. తన బిడ్డ కట్టి బ్రతుకు వలదని కోరు తల్లి కోరిక పవిత్రమైనది. కాని పవిత్రమైన కోరిక సయితము త్రోవ తప్పవచ్చును. తప్పినదని నా యభిప్రాయము. ఆ సంగతియే యిక్కడ విన్నవింప బూనితిని.

కాన్వెంటనగా కన్యస్త్రీలు నివసించు మఠము. మన దేశమున నీ మాటకు అర్థము మారిపోయినది. కన్యస్త్రీల ముఖమైన నెరుగని వ్యాపారి సయితము ఇంగ్లీషు చెప్పుదునని బల్ల కట్టి, దానిపై కాన్వెంటని వ్రాయించుచున్నాడు. అట్టి వాని మాట యటుంచుడు. ఆ పేరునకు న్యాయముగా హక్కుగల కతోలిక బడులను గూర్చియే నేను చెప్పుచున్నాను. ఏసు మరియ జోజప్పల సభకు చెందిన కన్యస్త్రీలు హాలండు దేశమునుండి 1904లో గుంటూరునకు వచ్చిరి. కర్నూలు మేత్రాసనము 1967లోను, కడప మేత్రాసనము 1976లోను ఏర్పడెను. ఆడుపిల్లకు అక్షరమేల యని పెద్దలు వాదించుచున్న దినములలో ఆడుపిల్లలను బల్లమీద కూర్చుండబెట్టినవారు వీరు. ఊరు దూరముగా నుంచిన బిడ్డలను దగ్గరకు దీసినవారును వీరే. శుభ్రత, సమయపాలనము, రోగిని జూచి ముఖము త్రిప్పుకొనకుండుట, ఇవి వారియొద్ద మనము నేర్చుకొనవలసినవి. ఇంతటి ఋణముండుటచేతనే వారిని నిలదీసి యడుగు హక్కును మనకు కలదు. పరాయివారిని పొగడి యూరకుందుము. మనవారనుకొన్నవారినే గదా ప్రశ్నింతుము!

మన కుటుంబములు ఈ తొలి సంవత్సరమునుండి ఏమి యాశించుచున్నవి? ఒక యాశ, ఒక భయము. ఆశ ఇంగ్లీషును గూర్చి. భయము మతమును గూర్చి. 

ముందుగా భయమును పరిశీలింతము. కతోలిక బడిలో ఉదయమున ప్రార్థన యుండును. మధ్యాహ్నము అన్నము ముట్టకముందు కన్నులు మూసి దేవునికి కృతజ్ఞత చెప్పుట యుండును. డిసెంబరులో పశువుల పాక కట్టి, అందు బాలయేసు బొమ్మను పరుండబెట్టుదురు. బిడ్డలలో నొకనికి గొల్లవాని వేషమో దేవదూత వేషమో దొరకును. ఇవి దాచినవి కావు. బిడ్డను చేర్చునపుడే తెలిసికొనదగినవి. ప్రభుత్వపు గుర్తింపు గాని ధనసహాయము గాని పొందిన విద్యాలయమున, తలిదండ్రుల సమ్మతి లేక చిన్నబిడ్డలను మతబోధయందు గాని మతారాధనమందు గాని పాల్గొనజేయరాదని మన రాజ్యాంగము 28వ యధికరణమున చెప్పుచున్నది. ఇతర మతముల బిడ్డలపై మన యాచారములను బలవంతముగా రుద్దరాదని భారత కతోలిక బిషపుల సమాఖ్య 2024లో తన బడులకు సూచన చేసెను. కావున ఈ భయము గలవారు ఊరివెంట గుసగుసలాడుట మాని, నేరుగా పోయి మదరు గారిని ప్రశ్నింపవచ్చును. మర్యాదగా నడిగినవారికి మర్యాదగా సమాధానము దొరకును.

ఇక నాకు విపరీతముగా దోచు సంగతి వినుడు. బిడ్డ నుదుట సిలువ గురుతు వేసికొనునేమో యని తల్లడిల్లు ఇంటివారే, ఆ బిడ్డ నోటినుండి తెలుగు మాట తొలగించినచో పండుగ చేసికొనుచున్నారు. పాక ముందు నిలిచి పాట పాడిన కులము చెడునట. అమ్మ యను మాటను మరచిన మాత్రము వంశము వెలుగునట! బిడ్డకు మతమన నేమో తెలియుటకు ఇంకను పదియేండ్లు పట్టును. మాట పోయినచో నష్టము ఆ దినముననే కలుగును.

మా బంధువుల యింటి పిల్లవాని కథ చెప్పెదను. వానికి నాలుగేండ్లు. బడిలో చేరిన రెండవ వారము. తరగతిలో తెలుగు పలుకరాదని నియమము. బయటికి పోవలెనన్న “మే ఐ గో” అని యడుగవలెను. వాడు ఆ మాటను ఇంటియొద్ద పదిమార్లు వల్లించినాడు. అవసరము వచ్చినవేళ మరచినాడు. తెలుగున నడిగిన తప్పు. ఊరకుండిన కష్టము. వాడు ఊరకుండెను. కొంతసేపటికి లాగు తడిసినది. ప్రక్కపిల్లలు నవ్విరి. సాయంకాలము వాడు ఇంటికి వచ్చి తల్లితో నొక్కమాటయు చెప్పలేదు. సంచిలోని తడిబట్టలే చెప్పినవి. ఆ తల్లి యేమి చేసినదనుకొందురు? “ఆ నాలుగు మాటలు చెప్పలేకపోతివే, మానం తీస్తివే” అని వానినే కసరెను. బడి పేరు నేను చెప్పను. ఆ నియమము ఒక్క బడిదే కాదు. ఆ తల్లియు దుష్టురాలు గాదు. నాలుగేండ్ల బిడ్డ ప్రకృతి పిలుపును తన తల్లి భాషలో చెప్పుకొనుట నేరమైనచోట, తల్లి మనసు సయితము నేరము విధించినవారి పక్షమునకే పోవును. ఇందలి ఘోరము ఇదియే.

దీనికి మనవారు చెప్పు సమాధానము నాకు తెలియును. “తెలుగు ఇంట్లో వస్తుందిలే సామీ; మావోనికి ఇంగిలీసు వస్తే చాలు” అందురు. ఈ మాటలో సగము నిజము కలదు. ఇంటిలో తెలుగు వచ్చును. పప్పు, ఉప్పు, పొమ్ము, రమ్ము అనునంతవరకు వచ్చును. కథ చెప్పుటకు, కారణ మడుగుటకు, దుఃఖమును విప్పి చెప్పుటకు వలయు తెలుగు పెద్దలు కూర్చుండి మాటలాడిననే వచ్చును. పగలంతయు బడిలో నోరు మూసికొని, రాత్రి అలసి నిదురించు బిడ్డతో ఎవరు మాటలాడుదురు? మరియు, ఒక భాషలో ఆలోచించుట నేర్చినవానికి రెండవ భాష సులభమగును. ఏ భాషలోను నిండుగా మాటలాడని బిడ్డకు రెండును అరకొరయే యగును. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడవ యేట మొదలు ఎనిమిదవ యేటి వరకు గల ఐదేండ్లను ఒకే పునాది దశగా నెంచి, వీలైనచోట్ల నెల్ల కనీస మైదవ తరగతి వరకు ఇంటి భాషలోనే బోధింపుమని చెప్పినది. ఇంగ్లీషు వలదని నేననుట లేదు. పాటగా, ఆటగా, బొమ్మపేరుగా ఇంగ్లీషు రానిండు. తెలుగును తరిమి దాని పీఠముపై కూర్చుండబెట్టవలదని మాత్రమే నా మనవి.

ఇప్పుడు కన్యస్త్రీలతో నొక్కమాట. అమ్మలారా, తెలుగును ద్వారము వెలుపల నిలుపు నియమము మీ మతమున నున్నదా? 18వ శతాబ్దమున మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రమును “వేదాంతరసాయన” మను పేర తెలుగు ప్రబంధముగా రచించెను. అప్పుడు మీ ధర్మమునకు తెలుగు చాలినది. 1963లో ద్వితీయ వాటికన్ మహాసభ ఆరాధన సంస్కారమును ఆమోదించి, పూజలో దేశభాషలకు చోటిచ్చెను. శతాబ్దముల లాటిను తొలగి, మన గుడులలో పూజ తెలుగున జరుగుచున్నది. ఎంత గొప్ప మార్పు! పీఠము నెదుట తెలుగు పవిత్రము. పలక యెదుట తెలుగు అపరాధము. దేవునితో తెలుగున మాటలాడవచ్చునట, ఆయమ్మతో మాటలాడరాదట! ఆ మహాసభయే 1965లో వెలువరించిన విద్యాప్రకటనమున, బిడ్డలకు మొదటి గురువులు, ముఖ్య గురువులు తలిదండ్రులే యని చాటినది. మొదటి గురువు భాషను రెండవ గురువు శిక్షించుట న్యాయమా?

మీ మతస్థురాలే యగు మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6వ తేదీన రోము నగరమున సాన్ లొరెంజో పేటలో తన మొదటి బాలగృహమును తెరచెను. అది ధనికుల పేట గాదు, కూలివారి పేట. తలిదండ్రులు పనికి పోగా మెట్లమీద తిరుగాడు పసివారే ఆమె శిష్యులు. ఆ యింటిలో బిడ్డలు నీరు వంచుకొనిరి, గుండీలు పెట్టుకొనిరి, గరుకు కాగితపు అక్షరములను వ్రేళ్లతో తడిమి తమ యింటి భాషలోనే చదువ నేర్చిరి. ఆమె 1939లో మదరాసునకు వచ్చి, యుద్ధకారణమున చాలకాలము ఈ దేశముననే యుండి, అనేకులకు ఈ పద్ధతిని నేర్పెను. ఇంతటి వారసత్వ మింటనుండగా, నాలుగేండ్ల వ్రేళ్లచేత నాలుగు గీతల పుస్తకము నింపించుట యేల?

“మేమేమి చేయుదుము? తలిదండ్రులే కోరుచున్నారు” అని వారందురు. “మేమేమి చేయుదుము? బడి నియమము” అని తలిదండ్రు లందురు. ఇరువురును ఒకరిపై నొకరు త్రోసికొనుచుండగా నడుమ నలుగువాడు బిడ్డ. పైగా “మొక్కై వంగనిది మానై వంగునా” యను సామెత నొకటి తెత్తురు. ఫ్రోబెల్ అను జర్మను పండితుడు 1840లో తన బాలశాలకు కిండర్‌గార్టెన్ అని పేరిడెను; పిల్లల తోట యని దాని యర్థము. తోటమాలి మొక్కకు నీరు పోయునా, పొద్దస్తమానము వంచుచు కూర్చుండునా? మన మెట్టరైతు నడుగుడు. నేలలో పదును లేనిదే అతడు విత్తనము చల్లడు. పొరుగువాడు తొందరపడెనని తానును తొందరపడి ఎండిన మంటిలో విత్తువానిని జూచి ఊరు నవ్వును. విత్తనము విషయమున నింత తెలివి గలవారము బిడ్డ విషయమున నేల తెలివి మాలితిమి?

అట్లయిన నీ సంవత్సరమునుండి న్యాయముగా నేమి యాశింపవచ్చును? జూన్, జులై మాసములలో ఏడ్పు మాని, అమ్మ సాయంకాలము తప్పక వచ్చునను నమ్మకము బిడ్డకు కుదిరిన చాలును. దసరా నాటికి తన పళ్లెము తాను కడిగికొనుట, తన వంతు వచ్చువరకు నిలుచుట, ప్రక్కవాని వస్తువు నడిగి పుచ్చుకొనుట రావలెను. క్రిస్మసు నాటికి పది పాటలు, నాలుగు కథలు రావలెను. పదిమంది యెదుట బెదరక మాటలాడవలెను. వేసవి సెలవుల నాటికి వేరుసెనగ కాయలనో గులకరాళ్లనో పదివరకు లెక్కించుట, జొన్నలను కందులను వేరుచేయుట, తన పేరు కనిపించినచో గురుతుపట్టుట వచ్చిన, ఆ సంవత్సరము ధన్యమైనది. ఓర్వకల్లు చుట్టునున్న రాతిగుట్టల నడుమ నొక దినము త్రిప్పి చూపిన బిడ్డకు కలుగు జ్ఞానము, ఏ కొనుగోలు పుస్తకమును ఈయజాలదు. వ్రాత రాలేదని దుఃఖింపవలదు. వ్రేలికి బలము వచ్చినపుడు వ్రాత దానంతట నదియే వచ్చును.

ఓర్వకల్లు సోదరీమణులకు నా తుదిమాట. పొదుపు సంఘములచే దేశమున పేరొందిన ఊరు మీది. రూపాయి రూపాయి కూడబెట్టి, అప్పిచ్చి, అప్పు తీర్చి, బాలభారతి యను పాఠశాలను సయితము మీ సంఘములవారే నెలకొల్పుకొనిరి. పొదుపు పుస్తకములో ఒక్క రూపాయి తేడా వచ్చినచో సంఘము నడుమ నిలిచి లెక్క యడుగు మీరు, బిడ్డ యేడాది లెక్కను ఏల యడుగరు? ఫీజు కట్టుటకు ముందు నాలుగు ప్రశ్న లడుగుడు. నా బిడ్డ తెలుగున మాటలాడిన శిక్ష యుండునా? దప్పియైనపుడు, బయటికి పోవలసినపుడు తనకు వచ్చిన మాటతో అడుగవచ్చునా? ఒక దినమున ఎంతసేపు ఆడుకొనును, ఎంతసేపు వ్రాయును? ఏ ప్రార్థన చేయింతురు, మా కిష్టము లేనిచో ఏమి చేయుదురు? సమాధానము సరిగా చెప్పు బడి కన్యస్త్రీలదైనను, సర్కారుదైనను, అంగన్‌వాడియైనను, అది మంచి బడి. చెప్పని బడికి ఎంత పెద్ద గోపురమున్నను, ఎంత చక్కని బస్సున్నను, నమస్కరించి వెనుకకు రండు.

మీ రొక్కరడిగిన, ఈమెకేమి తెలియునని త్రోసివేయుదురు. పదిమంది కలిసి యడిగిన నియమము మారును. కలిసి యడుగుటలోని బలము మీకు మరియొకరు నేర్పవలసినది కాదు. రేపు జూన్ మాసమున ఆ మార్గము ప్రక్కన నిలుచు బిడ్డ బస్సెక్కుచు, “అమ్మా, పోయొస్తా” అని గొంతెత్తి చెప్పును గాక. సాయంకాలము దిగి, ఆ దినము జరిగినదంతయు అదే నోట అదే భాషలో చెప్పును గాక!