భూమికీ విశ్రాంతి కావాలి

ఆరేళ్లు సేద్యం చేసిన పొలాన్ని ఏడో ఏట బీడుగా వదిలేయాలని దేవుడు ఇశ్రాయేలీయులను ఆదేశించాడు (లేవీ 25:3,4). వాళ్లు వినలేదు. చివరికి వాళ్లు బబులోను చెరలో ఉండగా ఆ దేశమే డెబ్బై ఏళ్లు తన విశ్రాంతిని తాను తీసుకుంది (2 దిన 36:21).

పసిఫిక్ సముద్రంలోని చిన్న ద్వీపదేశం నౌరూ కథా అలాంటిదే. అక్కడి ప్రజల్లో అత్యధికులు క్రైస్తవులే. ఫాస్ఫేట్ తవ్వి అమ్మి, 1970లలో తలసరి ఆదాయంలో అగ్రదేశాల సరసన నిలిచారు. తర్వాత నిల్వలు తరిగాయి, డబ్బు కరిగింది. దాదాపు 80 శాతం నేల మొనదేలిన రాళ్లగుట్టగా మిగిలింది.

ఎంత తవ్వితే అంత ప్రగతి అనుకునే ఏ దేశానికైనా గతి ఇంతే. ఏటా ఎంత సంపాదించామన్నదే కాదు, పిల్లలకు ఎంత నేల, నీరు మిగిల్చామో కూడా బడ్జెట్‌లో లెక్క చూపాలి. మనం భూమికి యజమానులం కాము, గృహనిర్వాహకులం మాత్రమే. దేవునికి లెక్క అప్పగించాల్సిన రోజొకటుంది!