పులుపుకు పగ్గం



అమెరికాలో ఉన్న మా తమ్ముని కుమారుడు మొన్న ఫోనులో, "పెదనాన్నా, మా గ్యారేజీలో పాత ఫ్రిజ్జు ఒకటి తెచ్చి బీరు పులియబెడుతున్నాను" అన్నాడు. "తెలుగు పండితుని ఇంట ఇదేమి విద్యరా?" అని గద్దించాను. ఆ దేశంలో 1978 నాటి చట్టంతో ఇంటి వాడకానికి బీరు చేసుకొనుటను కేంద్రప్రభుత్వం అనుమతించిందట. మన రాష్ట్రంలోనైతే 1968 నాటి ఆబ్కారీ చట్టం ప్రకారం అనుమతి లేక మద్యం చేయుట నేరం. కావున బీరు సంగతి అతనికే విడిచి, ఫ్రిజ్జు సంగతి మాత్రం అడిగాను. అడిగినందుకు నా ముప్పై ఏళ్ళ తప్పు ఒకటి బయటపడింది.

మామూలు ఫ్రిజ్జు లోపల 4 డిగ్రీల చలి ఉంటుంది. అంత చలిలో అతని ఈస్టు నిద్రపోతుంది. అందుచేత ఫ్రిజ్జుకూ కరెంటు ప్లగ్గుకూ నడుమ ఒక నియంత్రికను అమర్చాడు. దాని తీగ కొసను పాత్రకే అంటించి, పైన గుడ్డ చుట్టాడు. పులిసేటప్పుడు ఈస్టు తానే వేడి పుట్టిస్తుంది గనుక, చుట్టూ ఉన్న గాలికన్న పాత్ర వెచ్చగా ఉంటుందట. పాత్ర 20 డిగ్రీలు దాటగానే ఫ్రిజ్జు నడుస్తుంది, తగ్గగానే ఆగుతుంది. మరో రకం బీరుకు 10, 12 డిగ్రీలు చాలు. కొందరు మూతపెట్టె వంటి డీప్ ఫ్రీజరును కూడా ఇలాగే వాడుతారట. వేడి మితిమీరితే రుచి చెడుతుంది, చలి మితిమీరితే పని నిలుస్తుంది.

ఇది విని నాకు మా ఇంటి పిండిగిన్నె గుర్తుకు వచ్చింది.

ఉద్యోగారంభంలో ధర్మవరంలో ఉన్నాం. మే నెలలో సాయంత్రం రుబ్బిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి గిన్నె దాటి గట్టు మీదికి పొర్లేది, పులుపు నోట పెట్టనిచ్చేది కాదు. "అజాగ్రత్త" అని నా శ్రీమతిని తప్పుపట్టాను. పెనుకొండకు బదిలీ అయ్యాక మొదటి ఫ్రిజ్జు కొన్నాం. పాత అనుభవంతో ఆమె రుబ్బిన వెంటనే పిండిని అందులో పెట్టేది. పులుపు లేదు, పొంగూ లేదు. ఇడ్లీలు రాళ్ళయ్యాయి. "యంత్రాన్ని నమ్మితే ఇంతే" అన్నాను. పదవీ విరమణ తరువాత హిందూపురంలో స్థిరపడ్డాం. ఈ ఊరు 600 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. మార్గశిర, పుష్య మాసాల రాత్రులలో చలి 15, 16 డిగ్రీలకు దిగుతుంది. పిండి కదలలేదు. ఆమె ఒకనాడు గిన్నె ముందు కూర్చుని, "నా చేతి వాటం పోయిందండీ" అన్నది. నేను కాదనలేదు. ఆ మౌనానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

చేతిలో లోపం లేదు. ఊళ్ళు మారాయి, వేడి మారింది. ఇడ్లీపిండిని పొంగించుటలో ముఖ్యపాత్ర వహించే ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవికి 25 నుండి 30 డిగ్రీలు హితం. పెరుగు తోడుకొనుటకు అంతకన్న వెచ్చదనం కావాలి. మద్యాన్ని పులియించే బీజానికి అమరకోశంలో 'కిణ్వం' అనే పేరున్నదని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. ఆ కిణ్వం మా వంటింట్లోనే ఉన్నదని, దానికీ చలి, వేడి ఉంటాయని నాకు తోచలేదు.

నా అభిప్రాయం ఇది. మన ఇళ్ళలో ఫ్రిజ్జును మిగిలినవి దాచే అటకగానే వాడుతున్నాం. 1870లలో జర్మనీలో లిండే శీతలయంత్రాలను రూపొందించినప్పుడు వాటిని ముందుగా ఆదరించినవారు బీరు తయారీదారులే. అంటే పులిసేదానికి పగ్గం వేయుట ఈ యంత్రానికి పుట్టుకతో వచ్చిన పని. పగ్గం వేరు, ఉరి వేరు. ఎండాకాలంలో పప్పును ఫ్రిజ్జులోనే నానబెట్టి, చల్లని నీటితో రుబ్బి, పిండి పొంగినాకనే లోపల పెట్టాలి. ముందే పెట్టుట ఉరి.

చలికాలానికి మా ఇంట చెడిపోయిన పాత ఫ్రిజ్జే అక్కరకు వచ్చింది. కరెంటు లేని ఆ పెట్టెలో పిండిగిన్నె ప్రక్కన వేడినీళ్ళ తపేలా ఉంచి తలుపు మూస్తాం. చలిని నిలిపే గోడలు వేడినీ నిలుపుతాయి. లోపల బల్బు పెట్టమని అబ్బాయి సలహా ఇచ్చాడు గాని, తడి ఉన్న చోట కరెంటు నాకు ఇష్టం లేదు. పసిపిల్లలున్న ఇళ్ళలో అటువంటి పెట్టె తలుపుకు తాళం వేసి ఉంచుట మరువరాదు.

మొన్న ఉదయం పిండి గిన్నె అంచుదాకా పొంగింది. "చూశావా, నీ చేతి వాటం ఎక్కడికీ పోలేదు" అన్నాను. "ఈ మాట ధర్మవరంలో అనవలసింది" అన్నదామె. అది న్యాయమే.

మీ ఊరి వేడికి మీ ఇంట పిండి ఎన్ని గంటలకు పొంగుతుందో తెలుపగలరు.