రాయి లేని పితరులు

పూర్వికుల చరిత్ర వెదకగోరువారు మొదట శ్మశానవాటికకును, తరువాత పాతయింటికిని పోవుదురు. ఐరోపావారి కీ పద్ధతి మిక్కిలి ఫలించినది. మచిలీపట్టణమునందును భీమునిపట్టణమునందును గల హాలండువారి సమాధులను చూచినవారికి దీని కారణము సులభముగా బోధపడును. పదునేడవ శతాబ్దపు రాళ్లపై మృతుని పేరు, ఉద్యోగము, వయస్సు, కొన్నిటిపై వంశచిహ్నమును చెక్కబడియున్నవి. చెన్నరాజధానిలోని యిట్టి శాసనములను పెక్కింటిని జూలియన్ జేమ్స్ కాటన్ దొరగారు సేకరించి 1905వ సంవత్సరమున గ్రంథముగా ప్రకటించిరి. తన ముత్తాతకు ముత్తాత బందరులో వర్తకము చేసెనని విన్న హాలండుదేశీయుడు ఆ పుస్తకమును తెరచి వెదకికొనవచ్చును.

మన సంగతి యేమి? 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1878 జూలై 3వ తేదీన, గొప్ప కరవు వెనువెంటనే, ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ యొద్ద 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిరి. వీరిలో ఎందరికి రాయి కలదు? మట్టిదిబ్బ, దానిపై కఱ్ఱసిలువ, రెండు వానకాలములు, అంతటితో సరి. ఇండ్ల సంగతియు నంతే. కడపలో బ్రౌనుదొరగారి బంగళాయున్న చోట వారిపేర గ్రంథాలయము వెలసినది. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారి గృహము నిలిచియున్నది. సంతోషమే. కాని అట్టి యిండ్ల వాకిళ్లు ఊడ్చినవారి తాటాకుగుడిసె లెక్కడ నుండెనో చెప్పగలవా రెవరు?

రాయి లేనివారికి చరిత్రయు లేదని కొందరు తలంచుచున్నారు. మేము దాని నొప్పుకొనము. మన దేశమున వంశచరిత్ర చాలవఱకు నోటిమీదనే నిలిచినది. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు కులకథలు వినిపించుచు వచ్చిరి. క్రైస్తవులైన కుటుంబములు ఆ కథలు వినుట మానినకొలది ఆ దారము తెగెను. దానికి బదులు మనకు దొరకినది సంఘపు రిజిస్టరు. అదియే మన సమాధిరాయి. బాప్తిస్మపు పుటలో తలిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ చూడవచ్చును. వివాహపు పుటలో ఇరువైపుల తండ్రుల పేర్లు దొరకును. మృతుల పుటలో వయస్సుండును. ఆ వయస్సు బోధకుడు ఊహించి వ్రాసినది కావచ్చును గనుక అయిదేండ్లు ఇటునటు చూచుకొనవలెను.

ఒకే పల్లెలో అయిదుగురు యోహానులు కనబడినచో ఇంటిపేరే దిక్కు. అది తఱచుగా ఊరిపేరు. పితరులెచ్చటినుండి వలస వచ్చిరో చెప్పును. నేటివారు దానిని ఒక్క అక్షరముగా కుదించి, ‘కె.’ అనియు ‘పి.’ అనియు వ్రాయుచున్నారు. కలమునకు అంత బద్ధకమేల?

కులము బయటపడునను భయముచే తాత యెవరో వెదకనొల్లని యువకులు గలరు. ఆ భయము వారి తప్పు కాదు. దానిని పుట్టించిన లోకమే సిగ్గుపడవలెను. ఇంకొందరు లేని జమీందారునొకని తెచ్చి వంశవృక్షమునకు మొదట నాటుచున్నారు. మొదటిదానికంటె నిది హానికరమని మా యభిప్రాయము. ఆకలికోర్చి, ఊరివారి మాటలకోర్చి, పిల్లవానిని బడికి పంపిన నిజమైన తాతను త్రోసివేసి గదా ఈ జమీందారుకు చోటిచ్చుట!

ఇప్పుడు సంఘపెద్దలకు రెండు మాటలు. శ్మశానమును బాగుచేయునప్పుడు పాతరాళ్లను పగులగొట్టి గచ్చులో వేయుట మానవలెను. అక్షరములు అరిగిన రాయియైనను ఉన్నచోటనే యుండనిండు. గుడిలోని బీరువాలలో చెదలు తినుచున్న రిజిస్టరులను ఇనుపపెట్టెలోనికి మార్చి, ప్రతి పుటకు ఫోటో తీయింపుడు. చేతిలో ఫోను లేని బోధకుడు నేడు అరుదు, వ్యయమేమియు లేదు. దేవాలయపు ప్రహరీకి రంగువేయుటకు దొరకు చందాలో పదియవ వంతు ఈ పెట్టెకు దొరకదా?

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ నాయనమ్మయొద్ద కూర్చుండుడు. ‘మన వంశమెట్టిది?’ అని అడిగిన ఆమె యేమియు చెప్పలేదు. ఎవరి పొలములో కూలిచేసిరి, ఏ బావినీరు త్రాగనిచ్చిరి, ఏ చెట్టుక్రింద ఎవరిప్రక్క ఎవరిని పాతిపెట్టిరి అని అడుగుడు. ఆమెను శ్మశానమునకు తోడుకొనిపోయి చోట్లు చూపుమనుడు. గుర్తులను పటముగా గీయుడు. చెప్పినది చెప్పినట్లే వ్రాసికొనుడు, ఆమె మాటలకు వ్యాకరణము దిద్దవలదు.