సముద్రం అడుగు బురద చెప్పిన మాట: కట్టుకాలువను చంపుకోవద్దు

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

మొన్న చెరువు కట్ట మీద మాటల్లో ఒకాయన అన్నడు: "వానలు ఎప్పుడూ ఇట్లనే, ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. సాగర్ కాలువ ఉంది కదా, ఇంక చెరువెందుకు?" ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం గురించే ఈ పోస్టు.

వేల ఏండ్ల కింద వాన ఎట్ల పడ్డదో రాసిపెట్టినోళ్ళు లేరు. సముద్రం అడుగున ఉన్న బురదలో మాత్రం ఆ లెక్క ఉంది. 2006లో మన దేశం గ్యాస్ హైడ్రేట్లు వెతకడానికి జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడతో బంగాళాఖాతంలో తవ్వించింది. గోదావరి సముద్రంలో కలిసే చోటుకు ఎదురుగా, 1200 మీటర్లకు పైన నీటి లోతున, అడుగు బురదను గొట్టాలతో పైకి తీశారు. వరదలు తెచ్చిన ఒండ్రు అక్కడ పొర మీద పొర పడి ఉంటది. కిందికి పోయినకొద్దీ పాత కాలం.

ఆ బురదలో ఇసుక రేణువంత గుల్లలు ఉంటయి. ఫోరామినిఫెరా అనే చిన్న జీవులవి. వీటిలో కొన్ని రకాలు నీటి పైభాగంలో బతికి, చచ్చినంక అడుక్కి చేరుతయి. గుల్ల అంతా సున్నమే, మన మేళ్ళచెరువు, మఠంపల్లి దిక్కు సిమెంటుకు తవ్వే రాయిలో ఉండే సరుకే. నీళ్ళు వేడెక్కితే ఆ సున్నంలో మెగ్నీషియం ఎక్కువ చేరుతది, ఒక్కో డిగ్రీకి సుమారు 9 శాతం. మెగ్నీషియం కొలిస్తే ఆనాటి సముద్రం వేడి తెలుస్తది.

గుల్లలో ఆక్సిజన్ కూడా తేలికది, బరువుది అని ఉంటది. 1947లో అమెరికాలో హెరాల్డ్ యూరీ అనే శాస్త్రవేత్త దీంతో పాతకాలపు వేడి కొలవొచ్చని చెప్పాడు. చిక్కేందంటే, ఆక్సిజన్ లెక్కలో వేడితో పాటు నీటి ఉప్పదనం కూడా కలిసి ఉంటది. నదుల మంచినీళ్ళు బాగా చేరితే బరువు ఆక్సిజన్ తగ్గుతది. వాన లేక సముద్రం ఉప్పెక్కితే పెరుగుతది. రెండూ విడదీసేది ఎట్ల? కాంటా మీద వడ్ల బస్తా లెక్కనే. తూకంలో గింజా ఉంటది, తేమా ఉంటది. మాయిశ్చర్ మిషన్‌తో తేమ తెలిస్తే గింజ ఎంతో తేలుతది. ఇక్కడ మెగ్నీషియమే ఆ మిషన్. వేడి లెక్క తీసేస్తే ఉప్పదనం తేలుతది, దాన్నిబట్టి వాన లెక్క.

ఇంకో సాక్షి ఆకుల మీది మైనం. అది వరదలో కొట్టుకొచ్చి బురదలో చేరుతది. జొన్న, సజ్జ లాంటి గడ్డిజాతుల కార్బన్ ఒక తీరు, చెట్లు, వరి కార్బన్ ఇంకో తీరు. మైనం చూస్తే ఆనాడు మెట్టగడ్డి ఎక్కువుందా, చెట్లు ఎక్కువున్నయా తెలుస్తది.

గోదావరి బురదలోని గుల్లల ఆక్సిజన్, ఆకుల మైనం చూసి, కామిలో పాంటన్, లివియు జియోసాన్ వాళ్ళ బృందం 2012లో వివరం రాసింది. సుమారు 4000 ఏండ్ల కింద మొదలై మన దక్కన్ మెల్లమెల్లగా ఎండుకుంట వచ్చింది. 1700 ఏండ్ల నుంచి వాన నిలకడ ఇంకా తప్పింది. దక్షిణాదిలో నీళ్ళు ఆపుకునే పనులు అంతగా పెరగడానికి ఇదే కారణం అయి ఉండొచ్చని కూడా వాళ్ళు అన్నరు. అయి ఉండొచ్చు అన్నరు, ఖాయం అనలేదు. నాకైతే సరిగ్గానే తోస్తుంది. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు గుళ్ళు కట్టించిన కాకతీయుల కాలమే ఊరూరా చెరువులు తవ్విన కాలం. వాన మీద నమ్మకం ఉన్నోడు అంత మట్టి ఎందుకు మోస్తడు?

ఇంక ముందు సంగతి. 2014-15లో అదే ఓడ మహానది ఎదుట తీసిన బురదలో 9 లక్షల ఏండ్ల లెక్క దొరికింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిన కాలాల్లో వానలు పెరిగినయని 2021లో తేల్చారు. ఇప్పుడు అది పెరుగుతనే ఉంది. వాన పెరిగితే మంచిదే కదా అనొద్దు. 2023లో సాగర్ నిండక ఎడమ కాలువ కింద యాసంగికి నీళ్ళు రాలేదు. తర్వాతి ఏడు సెప్టెంబర్ మొదట్లో ఒక్కసారే కుండపోత పడి కోదాడ మునిగింది, నడిగూడెం మండలంలో అదే ఎడమ కాలువకు గండి పడ్డది. ఒకేడు నీళ్ళు లేక, ఒకేడు నీళ్ళు ఆపలేక. రెంటికీ మందు ఒకటే: పడ్డ నీటిని ఊర్లో కొంత ఆపుకునే చోటు.

1967లో సాగర్ నీళ్ళు వదిలినంక చెరువును మనం మెల్లగా మరిచినం. 2015 నుంచి మిషన్ కాకతీయలో పూడిక తీసినరు, సంతోషం. కట్టుకాలువ పూడితే చెరువు ఎంత లోతుంటే ఏం లాభం? దాన్ని కలుపుకున్నది ఎవరు? మనమే. నేనూ తక్కువోణ్ణి కాదు, మా గట్టు రెండు సాళ్ళు కాలువలోకి జరిపిన. ఈ ఎండాకాలం వెనక్కి తీస్త.

నేను అడిగేది ఒక్కటే. రోహిణి లోపల ప్రతి ఊర్లో పదిమంది కలిసి కట్టుకాలువ మొదలు నుంచి తూము దాకా నడవండి. ఎక్కడ పూడింది, ఎక్కడ ఆక్రమణ అయింది, అలుగు ఎట్లుంది చూసి గ్రామసభలో పెట్టండి. మిర్యాలగూడ దిక్కు అన్నలు కాలువ మొదట్లో ఉన్నం, మాకేంది అనుకోకండి. సాగర్‌లో నీళ్ళు లేనినాడు మొదలూ ఒకటే, చివరా ఒకటే.

మీ ఊరి కట్టుకాలువ ఎట్లుందో కింద రాయండి. నా మాటలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంట.