పదాలిస్తే కథ చస్తుందా?

సంపాదకులకు,

పోటీ కథలో ఇచ్చిన మాటలు తప్పక రావాలంటే కథ చస్తుందని గత సంచికలో ఒక రచయిత వాపోయారు. అంత బెంగ అక్కర్లేదు.

అవధానంలో దత్తపది లేదూ! పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు పదాలిచ్చి, భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. అవధాని వాటిని విరిచి, సంధుల్లో కలిపి, అర్థం మార్చి నెగ్గుకొస్తాడు. కథకుడికైతే ఛందస్సు బెడద కూడా లేదాయె.

పోటీ కథలన్నీ నాసిరకమనడానికీ వీల్లేదు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో రెండో బహుమతి పొందింది పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’.

చిక్కల్లా పదాల ఎంపికతోనే; అవి ఇక్కడి బతుకులోంచి రావాలి. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో కథల గ్రంథాలయం ‘కథానిలయం’ నెలకొల్పిన జిల్లా మన శ్రీకాకుళం. అందుకే పోటీ నిర్వాహకులు ఈసారి తెప్ప, అలివి వల, పోటు లాంటి రేవు మాటలిచ్చి చూడాలి.

— ఒక పాఠకుడు, భావనపాడు