మూత తీసిన వైన్ సీసా ఎన్నాళ్ళు నిలవ వుంటుంది?

ఈ మధ్య పాఠకుల నుంచి ఒక కొత్తరకం ప్రశ్న వస్తోంది. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో సెలవులకు వచ్చిన కొడుకు ఒక వైన్ సీసా, దానితోపాటు సీసాలోని గాలిని లాగేసే చిన్న పంపు ఒకటి తెచ్చి ఇంట్లో పెడతాడు. "గుండెకు మంచిది నాన్నా, రోజూ రాత్రి ఒక చిన్న గ్లాసు తీసుకోండి. ఈ పంపుతో మూత బిగిస్తే పాడవదు" అని చెప్పి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత పెద్దాయనకు రెండు అనుమానాలు వస్తాయి. ఆ పంపు నిజంగా పనిచేస్తుందా? తెరిచి నాలుగు రోజులైన వైన్ తాగితే విషమవుతుందా?

రెండూ అడగవలసిన ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పాక, ఎవరూ అడగని మూడో ప్రశ్న కూడా నేనే వేస్తాను. అసలు ఆ గ్లాసు మీకు అవసరమా?

గాలి తగిలితే ఏమవుతుంది?

కల్లు సంగతి మనవాళ్ళకు తెలియనిది కాదు. తెల్లవారుజామున చెట్టు మీంచి దించినది తియ్యగా వుంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. మర్నాటికి నోట పెట్టలేనంత పుల్లనైపోతుంది. ముందు ఈస్ట్ అనే సూక్ష్మజీవులు అందులోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. ఆ తర్వాత వేరే బాక్టీరియా చేరి ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. మనం వంటలో వాడే వినిగర్‌లోని పులుపు ఈ ఆమ్లమే.

వైన్ కథా ఇదే. కాకపోతే ద్రాక్షరసం పులిసి ఆల్కహాలు అయ్యాక, రెండో దశ జరగకుండా సీసాలో పోసి బిరడా బిగిస్తారు. మామూలు సీసాలో 750 మిల్లీలీటర్లు వుంటుంది. అందులో ఆల్కహాలు సుమారు 12, 13 శాతం. బిరడా తీసి సగం తాగారనుకోండి. ఖాళీ అయిన సగంలోకి గాలి చేరుతుంది. గాలిలో అయిదో వంతు ఆక్సిజనే కదా! అది రెండు విధాలుగా పనిచేస్తుంది. ఒకటి, ఆల్కహాలులో కొంత భాగం ఎసిటాల్డిహైడ్ అనే పదార్థంగా మారుతుంది. కోసి వుంచిన ఆపిల్ ముక్క రంగు మారినప్పుడు వచ్చేలాంటి వాసన వస్తుంది. రెండు, పులుపు చేసే బాక్టీరియాకు ఊపిరి దొరుకుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ వైన్ ఎందుకు చెడిపోతుందో పరిశీలించి 1866లో ఒక పుస్తకమే ప్రచురించాడు. పాలను వేడిచేసి సూక్ష్మజీవులను చంపే పాశ్చరైజేషన్ పద్ధతికి ఆయన పేరు రావడానికి మూలం పాలు కాదు, వైన్ మీద చేసిన ఈ పరిశోధనలే.

పరికరాలు ఏం చేస్తాయి?

ఆవకాయ జాడీలో ముక్క మునిగేటట్టు పైన నూనె తేలాలని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెబుతారు. ముక్కకు గాలి తగలకూడదన్నదే అందులోని రహస్యం. మార్కెట్లో దొరికే వైన్ పరికరాలన్నీ ఈ నూనె చేసే పనినే మరో విధంగా చేస్తాయి.

మొదటిది గాలి లాగే పంపు. సీసా మూతికి ఒక రబ్బరు బిరడా పెట్టి, పైన పంపు ఆడిస్తే లోపలి గాలి బయటికి వస్తుంది. కాని గాలి మొత్తం రాదు, కొంత మిగిలే వుంటుంది. ఆ మిగిలిన గాలి తన పని తాను చేస్తూనే వుంటుంది. కాబట్టి పాడవడం నెమ్మదిస్తుందేగాని ఆగదు. నురుగు వచ్చే షాంపేన్ వంటి వాటికి ఈ పంపు పనికిరాదు. గాలితోపాటు నురుగునిచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా పోతుంది.

రెండోది గ్యాసు డబ్బా. నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్, ఆర్గాన్ వంటి వాయువులను సీసాలోకి చిమ్మి వెంటనే మూత పెడతారు. ఆర్గాన్ మనకు కొత్తదేమీ కాదు. మనం పీల్చే గాలిలో దాదాపు ఒక శాతం అదే. అది దేనితోనూ కలవదు, గాలి కంటే బరువు. అందువల్ల ఆక్సిజన్‌ను పక్కకు నెట్టి వైన్‌ను కాస్త కాపాడుతుంది. ఈ వాయువులు సీసాలోకి చిమ్మేంత కొద్ది మోతాదులో హాని చెయ్యవు. కాని పిల్లలు ఆటకోసం డబ్బాను నోట్లోకి చిమ్ముకుంటే ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ చాలక ప్రమాదం. డబ్బా వాళ్ళకు అందకుండా పెట్టండి.

మూడోది సూది. దీని పుట్టుకలో వైద్యానికి సంబంధం వుంది. కాన్సర్ రోగులకు పదేపదే మందు ఎక్కించవలసి వచ్చినప్పుడు చర్మం కింద పోర్ట్ అనే చిన్న గిన్నెలాంటిది అమరుస్తారు. దాని పైన వుండే సిలికోన్ పొర సూది గుచ్చి తీయగానే మూసుకుపోతుంది. వైద్యపరికరాలు తయారుచేసే గ్రెగ్ లాంబ్రెక్ట్ అనే అమెరికన్‌కు ఇటువంటి సూదినే వైన్ బిరడాకు గుచ్చవచ్చునని తోచింది. బిరడా తీయకుండా సూది దింపి, లోపలికి ఆర్గాన్ పంపితే ఆ ఒత్తిడికి కావలసినంత వైన్ బయటికి వస్తుంది. సూది తీసేస్తే బెండు తనంతట తానే మూసుకుంటుంది. 2013లో ఇది అమ్మకానికి వచ్చింది. గాలి తగలనే తగలదు కనుక నెలల తరబడి నిలవ వుంటుంది. అయితే లోపల ఒత్తిడి పెరుగుతుందన్నది మరచిపోకూడదు. 2014లో కొన్ని సీసాలు పగిలాయని తెలిసి, తయారీదారులు కొంతకాలం అమ్మకాలు ఆపి, సీసాకు తొడిగే మందపాటి తొడుగు ఇచ్చారు. బీటపడిన సీసాకు ఈ సూది ఎన్నడూ వాడకూడదు.

ఈ హంగులేవీ లేకపోయినా ఫర్వాలేదు. మిగిలిన వైన్‌ను శుభ్రమైన చిన్న సీసాలోకి అంచు దాకా పోసి, గట్టిగా మూత బిగించి, ఫ్రిజ్‌లో నిలబెట్టండి. అంచు దాకా నిండిన సీసాలో గాలికి చోటెక్కడిది? చల్లదనంలో బాక్టీరియా కూడా మందగిస్తుంది. మూడు నుంచి అయిదు రోజుల దాకా రుచి నిలుస్తుంది. ఈ పనికి కూల్‌డ్రింకు సీసా మాత్రం వాడకండి. ఫ్రిజ్‌లో ద్రాక్షరసం రంగుతో కనిపిస్తే పిల్లలు గటగటా తాగేస్తారు. చిన్నపిల్లల్లో కాస్త ఆల్కహాలు కూడా రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా తగ్గించి స్పృహ తప్పిస్తుంది. సీసా మీద పేరు రాసి అతికించండి. పిల్లలున్న ఇంట్లో అందనంత ఎత్తులో వుంచండి.

పాతబడితే విషమా?

కాదు. నాలుగు రోజుల వైన్ పులుస్తుంది, వాసన మారుతుంది, అంతే. అందులోని ఆల్కహాలు, ఆమ్లం కారణంగా కలరా, టైఫాయిడ్ వంటి రోగాల క్రిములు పెరగవు. బూజు కనిపిస్తే మాత్రం పారబోయండి. ఉబ్బసం వున్నవారు మరొక సంగతి గమనించాలి. చెడిపోకుండా వైన్‌లో సల్ఫైట్లు కలుపుతారు. సీసా మీద 220, 224 వంటి అంకెలు వుంటే అవి ఇవే. కొందరు ఉబ్బసం రోగులకు వీటివల్ల ఆయాసం ఎక్కువవుతుంది. తాజా సీసాలోనూ ఇవి వుంటాయి.

సీసాలో జరిగేదే లివర్‌లోనూ

ఇప్పుడు మూడో ప్రశ్నకు వద్దాం. తెరిచిన సీసాలో ఆల్కహాలు ముందు ఎసిటాల్డిహైడ్‌గానూ, చివరకు ఎసిటిక్ ఆమ్లంగానూ మారుతుందని చెప్పుకున్నాం. మీరు తాగిన వైన్ మీ లివర్‌లోకి వెళ్ళాక సరిగ్గా ఇదే వరసలో మారుతుంది! సీసాలో ఎసిటాల్డిహైడ్ పుడితే వైన్ రుచి చెడుతుంది. శరీరంలో పుడితే కణాలలోని జన్యుపదార్థం దెబ్బతింటుంది. సీసాలో రోజులు పట్టే పనిని లివర్ గంటల్లో ముగిస్తుంది. 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు వుంటుంది. లివర్ గంటకు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే వదిలించుకోగలదు. కాఫీ తాగినా, చన్నీళ్ళ స్నానం చేసినా ఆ వేగం పెరగదు. వైన్‌ను కాపాడటానికి మూడు రకాల పరికరాలు వచ్చాయిగాని, తాగినవారి లివర్‌ను కాపాడే పరికరం ఒక్కటీ రాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యపానీయాలను మానవులలో కాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, లివర్, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము కాన్సర్లకు దీనితో సంబంధం వుంది. ఈ విషయంలో వైన్, బీరు, విస్కీ, కల్లు అన్న తేడా లేదు. ఏ మోతాదూ క్షేమకరం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా ప్రకటించింది.

మరి గుండెకు మంచిదన్న మాట ఎక్కడినుంచి వచ్చింది? ఫ్రాన్సులో వెన్న, జున్ను బాగా తిన్నా గుండెజబ్బులు తక్కువని గమనించారు. అందుకు కారణం రెడ్ వైన్ కావచ్చునని 1991లో అమెరికా టెలివిజన్ కార్యక్రమంలో చెప్పడంతో అక్కడ రెడ్ వైన్ అమ్మకాలు అమాంతం పెరిగాయి. మరుసటి ఏడు లాన్సెట్ పత్రికలో వ్యాసం వచ్చింది. కాని ఆనాటి లెక్కల్లో ఒక చిక్కు వుంది. "తాగనివారు" అన్న జాబితాలో జబ్బుచేసి మానేసినవారు కూడా కలిశారు. కొద్దిగా వైన్ తాగేవారిలో కలిగినవారు, మంచి తిండి తిని నడక సాగించేవారు ఎక్కువ. ఈ తేడాలను సరిచేసి చూసినప్పుడు ఆ మేలు తగ్గిపోయింది, లేదా కనిపించకుండా పోయింది. రెస్వెరట్రాల్ అనే పదార్థం గురించి కూడా వినే వుంటారు. లీటరు రెడ్ వైన్‌లో అది కొద్ది మిల్లీగ్రాములే. నల్లద్రాక్ష తొక్కలోనూ, మన వేరుశెనగలోనూ అది వుంది. దానికోసం సీసా తెరవనక్కరలేదు.

వీరు అసలు ముట్టకూడదు

గుండె కోసమని వైన్ మొదలుపెట్టే పెద్దవారిలో చాలామంది అప్పటికే ఏవో మందులు మింగుతూ వుంటారు. అసలు చిక్కు అక్కడే వుంది.

మధుమేహానికి ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడేవారు రాత్రి వైన్ తాగి సరిగా తినకుండా పడుకుంటే, నిద్రలోనే చక్కెర పడిపోవచ్చు. లివర్ ఆల్కహాలు పనిలో పడి రక్తానికి చక్కెర అందించలేదు. ఇంట్లోవాళ్ళు మత్తుగా పడుకున్నాడనుకుంటారు. అది నిద్ర కాక అపస్మారకం కావచ్చు.

నిద్రమాత్రలు, ఆందోళన తగ్గే మాత్రలు వాడేవారికి రెండూ కలిసి ఊపిరిని మందగింపజేస్తాయి. రాత్రి బాత్‌రూముకు లేచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదమూ వుంది. ఆస్పిరిన్ వాడేవారికి కడుపులో రక్తస్రావం, రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవారికి మందు మోతాదు తారుమారు కావడం సంభవం. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్‌తో తాగవద్దని మందుతో వచ్చే కాగితంలోనే రాసి వుంటుంది. రక్తపోటు, మూర్ఛ, కామెర్లు, హెపటైటిస్ వున్నవారు దూరంగా వుండాలి. గర్భిణులకు ఒక్క గుక్క కూడా వద్దు. బాలింతకు కాస్త బ్రాందీ, పసివాడి జలుబుకు చెంచాడు బ్రాందీ పట్టే అలవాటు ఇంకా వున్న ఇళ్ళలో దాన్ని ఈరోజే మానండి. బలానికని తాగే ద్రాక్షాసవం వంటి మందుల్లో కూడా సహజంగా పుట్టిన ఆల్కహాలు వుంటుందని గుర్తుంచుకోండి.

"ఒక్క గ్లాసు పడితే నిద్ర బాగా పడుతుంది" అనేవారున్నారు. ముందు పట్టే మాట నిజమే. తెల్లవారుజామున తెగిపోయే మాట కూడా నిజమే. గురక వున్నవారికి గురక పెరుగుతుంది.

చివరిగా

తాగని అలవాటు వున్నవారు గుండె పేరు చెప్పి కొత్తగా మొదలుపెట్టవద్దు. గుండెకు రోజూ అరగంట నడక, తక్కువ ఉప్పు, పొగాకు మానడం, బి.పి., షుగర్ అదుపులో వుంచుకోవడం చాలు. ఇప్పటికే తాగుతున్నవారికి ఎంత తగ్గిస్తే అంత మేలు. అయితే ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు. వారు డాక్టరు సలహాతోనే మానాలి.

ఆరోగ్యం దృష్టితో చూస్తే ఆ పంపు వల్ల ఒక్క ఉపకారం వుంది. "తెరిచాం కదా, పాడవుతుంది, ముగించేద్దాం" అనే సాకు పోతుంది. మొత్తం సీసా అంటే సుమారు 70 గ్రాముల ఆల్కహాలు. పాడవుతుందేమోనని దాన్ని కడుపులో పోసుకోవడం కంటే, పులిసిన దాన్ని తూములో పోయడం నయం.

మరో మాట. మీ డాక్టరు మందులు రాసేటప్పుడు "తాగే అలవాటుందా?" అని అడిగితే, పక్కన భార్యాపిల్లలున్నారని తల అడ్డంగా తిప్పకండి. వైన్ కదా, అది మద్యం కింద రాదులే అనీ అనుకోకండి. వారానికి ఎన్ని గ్లాసులో ఉన్నదున్నట్టు చెప్పండి. నలుగురిలో చెప్పలేకపోతే ఒంటరిగా మాట్లాడాలని అడగండి. మీకు ఇచ్చే మందు, దాని మోతాదు మీరు చెప్పే ఆ జవాబు మీద ఆధారపడి వుంటాయి.