నేల ఊగితే అదే సైరన్: అండమాన్ తెలుగు కుటుంబాలకు, వారి బంధువులకు విజ్ఞప్తి

2004 డిసెంబర్ 26, ఆదివారం పొద్దున్న ఆరున్నర. సుమత్రా తీరానికి ఆవల సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కదిలింది. ఆ చీలిక నికోబార్ దీవుల మీదుగా అండమాన్ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా పాకింది. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, నేలమీదున్న లైట్‌హౌస్ నీళ్లలో నిలబడింది. ఆ వెంటనే లేచిన సునామీకి కార్ నికోబార్‌లో వైమానిక దళ స్థావరం ధ్వంసమైంది. కచాల్ దీవిలో ఊళ్లకు ఊళ్లే పోయాయి. నికోబారీల ఇళ్లూ, కొబ్బరితోటలూ, పందులూ అన్నీ ఒడ్డు వెంబడే ఉండేవి మరి.

అప్పట్లో దేశంలో సునామీ హెచ్చరిక కేంద్రం లేదు. అలలు ఆంధ్ర తీరం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అయినా బందరు దగ్గర మంగినపూడిలో స్నానాలకు దిగినవారికి అల వస్తోందన్న కబురు చెప్పే నాథుడే లేడు.

2007 నుంచి ఆ హెచ్చరిక పని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేస్తోంది. భూకంపం వచ్చిన నిమిషాల్లోనే బులెటిన్ వెలువడుతుంది. ఆంధ్ర తీరానికి అది చాలు. నికోబార్‌కు చాలకపోవచ్చు, ఎందుకంటే అక్కడ అల కూడా నిమిషాల్లోనే ఒడ్డెక్కుతుంది. పైగా సెల్ టవర్ కూలితే బులెటిన్ ఎవరికి చేరుతుంది?

సుమత్రా పక్కనున్న సిములుయె దీవి ఇందుకు జవాబు చెప్పింది. 1907 నాటి సునామీ కథను అక్కడి అవ్వాతాతలు పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004లో నేల ఊగగానే జనం కొండెక్కేశారు. భూకంప కేంద్రానికి అంత దగ్గరున్నా, డెబ్బై వేలకు పైబడిన జనాభాలో పోయినవారు ఏడుగురేనని లెక్క.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో సుమారు ఎనిమిది మందిలో ఒకరి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లకు అక్కడ అన్నో, మేనమామో, ఆడపడుచో ఉంటారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు వాళ్లకు ఒక్క సంగతి చెప్పాలని విజ్ఞప్తి. నిలబడలేనంతగా ఊగినా, మెల్లగానే అయినా నిమిషం దాటి ఊగినా, కదలిక ఆగగానే ఎత్తైన చోటికి నడిచి వెళ్లాలి. మెసేజ్ కోసం ఆగొద్దు. సముద్రం వెనక్కి పోయిందేమో చూద్దామని ఒడ్డుకు అసలే పోవద్దు. అది వెనక్కి పోకుండానే మీదికి రావచ్చు. మొదటి అల తగ్గిందని బంగారం కోసమో బండి కోసమో తిరిగి వెళ్లొద్దు. తర్వాతి అల అంతకంటే పెద్దది కావచ్చు.

అక్కడి తెలుగు సంఘాల పెద్దలకు మరో మనవి. ఉగాదికో వినాయక చవితికో జనం కూడినప్పుడు, ఏ వీధివారు ఏ దారిన ఎత్తుకు చేరాలో, మంచాన ఉన్న ముసలివారిని ఎవరు మోయాలో ముందే అనుకోవాలి. ఆ దారిన పిల్లలను ఒకసారి నడిపించి చూడాలి.